అశ్వమర్దన సేవ

గడచిన బ్రహ్మోత్సవాలలో అశ్వవాహన సేవ ముగిసిన మరునాటి ఉదయం ఒక పెద్దమనిషి లాయం వద్దకు వచ్చారు. ఆ సమయంలో నేను మన దేవస్థానపు తెల్ల గుర్రం ధవళ మెడను అరచేతితో నిమురుతూ ఉన్నాను. ఆయన కొంతసేపు మౌనంగా చూసి, "డాక్టరుగారూ, ఏమీ అనుకోకండి. మా ఊళ్ళో ముసలివాళ్ళకు కాళ్ళు పట్టే దిక్కు లేదు. ఇక్కడ గుర్రానికి ఒళ్ళు పడుతున్నారు. ఇది సబబేనా?" అని అడిగారు. ఆయన మాటలో ఎగతాళి లేదు, తెలుసుకోవాలనే అడిగారు. వెళ్ళబోతూ మరొక ప్రశ్న వేశారు: "మేమిచ్చిన వెండి జీను రాత్రి ఊరేగింపులో కనిపించలేదేమి?"

మొదటి ప్రశ్నకు నేనేదో తోచిన సమాధానం చెప్పాను. రెండవ ప్రశ్నకు "మరమ్మతులో ఉన్నదండీ" అన్నాను. అది నిజం కాదు. ఆ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒక్కటే అయినందువలన, దానిని సావకాశంగా ఈ పత్రిక ద్వారా భక్తులందరికీ విన్నవిస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా పశువైద్యునిగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడిని. నాలుగేళ్ళుగా దేవస్థానం లాయంలోని రెండు గుర్రాల ఆరోగ్యం చూస్తున్నాను. ఉద్యోగకాలంలో నా చేతిమీదుగా పోయినవి చాలావరకు ఆవులు, గేదెలు, గొర్రెలు. గుర్రాలను చూసినది తక్కువ. ఈ సంగతి ముందుగా చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే ఇందులో నా పొరపాటు ఒకటి ఉన్నది.

గుర్రానికి చేతితో చేసే సేవ కొత్తగా పుట్టినది కాదు. మహాభారతం ద్రోణపర్వంలో సైంధవ వధ జరిగిన నాటి కథ అందరికీ తెలిసినదే. సూర్యాస్తమయం లోపల సైంధవుని సంహరిస్తానని అర్జునుడు ప్రతిజ్ఞ చేశాడు. ఒక్క గడియ కూడా వృథా కాకూడని రోజు అది. అటువంటి రోజున, శత్రుసేనల నడుమ, గుర్రాలు బాణాలు తగిలి అలసిపోయాయని, వాటిని విప్పి బాణాలు తీస్తే మంచిదని అర్జునుడు అన్నాడు. నా అభిప్రాయమూ అదేనన్నాడు శ్రీకృష్ణుడు. అర్జునుడు నేలకు దిగి ఒంటరిగా సేనలను నిలువరించాడు. గుర్రాలకు తాగడానికి నీరు లేదని కృష్ణుడు చెప్పగా బాణంతో భూమిని చీల్చి కొలను కల్పించాడు, బాణాలతోనే ఒక గృహం నిర్మించాడు. ఆ శరగృహంలో పార్థసారథి చేసిన పని ఏమిటంటే, గుర్రాలకు మాలీషు.

మనం గీతోపదేశ చిత్రపటంలో పగ్గాలు పట్టిన చేతులను చూసి నమస్కరిస్తాం. ఆ చేతులే ఆనాడు గుర్రాల మేను రుద్దాయి. వ్యాసులవారు ఆ పనిని ఎంత శ్రద్ధగా, ఎంత వరుసగా చెప్పారో గమనించండి. కృష్ణుడు ముందు గుర్రాలను రథం నుండి విప్పాడు. తరువాత మేనిలో దిగిన బాణాలు పెరికాడు. ఆ తరువాతనే తన రెండు చేతులతో వాటిని రుద్దాడు. తగిన విధంగా తిప్పి నడిపించాడు. నీరు తాగించాడు. అవి బడలిక తీరి నిలిచిన పిమ్మటనే మళ్ళీ రథానికి పూన్చాడు. బాణం లోపల ఉండగా పైన రుద్దలేదు. ఈ వరుస నాకు అర్థం కావడానికి ధవళ కావలసి వచ్చింది.

మన వాఙ్మయంలో అశ్వసేవ ప్రసక్తి ఇంకా ఉన్నది. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి అనే పేరుతో గుర్రపుశాల చూసుకొన్నట్లు తిక్కనగారి భారతం చదివినవారికి తెలుసు. బాహుకుని రూపంలో ఉన్న నలుడు రథం పూన్చినప్పుడు గుర్రాలు మోకాళ్ళమీద కూలబడితే, కొరడా ఎత్తకుండా వాటిని అనునయించాడు. అశ్వవైద్యానికి ఆద్యునిగా శాలిహోత్రుని చెప్పుకొంటారు. గుర్రాల వైద్యుని సాలోత్రి అని పిలవడం ఆయన పేరునుండే వచ్చింది. తెలుగులో మనుమంచి భట్టు అశ్వశాస్త్రం రచించాడు. మరోవైపు, 13వ శతాబ్దిలో దక్షిణ దేశపు తీరానికి వచ్చిన మార్కో పోలో, ఇక్కడి రాజులు అపారమైన ధనం పోసి పరదేశాల నుండి గుర్రాలు కొంటారని, సాకడం తెలిసినవారు లేక అవి చచ్చిపోతూ ఉంటాయని వ్రాశాడు. కొనడానికి సొమ్ము ఉండటం వేరు, సాకడం వేరు.

ధవళ విషయానికి వస్తాను. మూడేళ్ళ క్రితం ఒక భక్తుడు దానిని స్వామివారికి సమర్పించినప్పుడు దానికి ఏడేళ్ళు. నెమ్మదైన ఆడగుర్రం. బాణసంచా మోగినా బెదిరేది కాదు. మొదటి ఉత్సవాలలో కేవలం పట్టుబట్ట కప్పుకొని స్వామి పల్లకికి ముందు నడిచింది. ఆ మరుసటి ఏడు మరొక భక్తులు తమ తండ్రిగారి పేరుమీద దానికి జీను చేయించి ఇచ్చారు. లోపల కర్రచట్రం, పైన ఎర్రని మఖమలు, దానిమీద శంఖచక్రాలు చెక్కిన వెండి రేకు. అంత అందమైన జీను నేను మరొకటి చూడలేదు. దానిని అలవాటు చేయాలని ఉత్సవాలకు రెండు నెలల ముందునుండి రోజూ జీను వేసి మాడవీధులలో తిప్పసాగారు.

మూడవ వారానికి ధవళ మారిపోయింది. జీను తెస్తూ ఉండగానే చెవులు వెనక్కు వాల్చేది. పొట్టపట్టీ బిగించబోతే మెడ తిప్పి కరవబోయేది. తోక విసిరేది. వీపు దువ్వుతూ ఉంటే కిందికి వంగిపోయేది. లాయం కుర్రవాడు నాతో చెప్పాడు. నేను పళ్ళు చూశాను, గిట్టలు చూశాను, జ్వరం చూశాను. నడకలో కుంటు లేదు. మేత బాగానే తింటున్నది. వీపు మీద పుండు లేదు. "గుర్రానికి పొగరెక్కింది, కళ్ళెం మార్చండి" అని కాగితం మీద వ్రాసి ఇచ్చాను. వారం తిరగకుండానే జీను బిగిస్తున్న కుర్రవానిని తొడమీద తన్నింది. ఎముక విరగలేదు గాని పదిహేను రోజులు అతడు సరిగా నడవలేకపోయాడు. గుర్రాన్ని ఇక్కడినుండి పంపివేయాలనే మాట వచ్చింది. నేను కాదనలేదు.

మా ఊరిలో ఒకప్పుడు రైల్వే స్టేషను బయట జట్కాబండ్లు బారులు తీరి ఉండేవి. ఆ బండ్లు తోలినవారిలో ఒక వృద్ధుడు ఇంకా ఉన్నాడు. లాయం కుర్రవాడు నాకు చెప్పకుండా ఆయనను పిలిచాడు. నేను వెళ్ళేసరికి ఆయన ధవళ పక్కన చేతులు వెనుక కట్టుకొని నిలబడి ఉన్నాడు. చాలాసేపు ఏమీ చేయలేదు. తరువాత పిడికిలి వెనుకభాగం దాని ముక్కుకు అందేలా పట్టాడు. అది వాసన చూసింది. అప్పుడు అరచేతిని మెడమీద పెట్టి, ఏమాత్రం నొక్కకుండా, నెమ్మదిగా వెనక్కు జరుపుతూ పోయాడు. జబ్బ ఎముక దాటిన చోట చర్మం చిటుక్కుమని అదిరింది, చెవులు వెనక్కు వాలాయి. వెంటనే చేయి తీసి మళ్ళీ మెడమీద పెట్టి ఊరుకొన్నాడు. రెండవసారి అంతే. మూడవసారి ఆ చోట చేయి ఆగనిచ్చింది. అప్పుడు నా చేయి పట్టుకొని అక్కడ పెట్టించాడు. "నొప్పి ఉన్నచోట చెయ్యి ఉరకకూడదు డాక్టర్ సాబ్. అడగాలె. అది చెప్పేదాకా ఆగాలె" అన్నాడు.

అరచేయంత మేర కండ ఎండిన తోలులా గట్టిపడి ఉన్నది. చుట్టుపక్కల కంటె వేడిగా ఉన్నది. అవతలి వైపు కూడా సరిగ్గా అదే చోట, అలాగే. జీను నొక్కినచోట వెంట్రుకల మూలాలు దెబ్బతిని తెల్లవెంట్రుకలు మొలవడం పశువైద్యులందరికీ తెలిసిన గుర్తు. నల్లగుర్రమైతే, ఎర్రగుర్రమైతే కంటికి కనబడుతుంది. ధవళ తెల్లది. నేను కళ్ళతో చూసి ఏమీ లేదని వ్రాసి ఇచ్చాను.

జీనును మెత్త లేకుండా ఒట్టి వీపుమీద పెట్టి చూశాం. ముందుభాగంలో కర్రచట్రం కొసలు సరిగ్గా ఆ రెండు చోట్లా దిగబడ్డాయి. మధ్యలో వేలు దూరలేదు. వెనుకభాగం గాలిలో ఊగుతున్నది. చేసిన పనివానిని విచారించగా, గుర్రం కొలత తీసుకోలేదని, వాహన మండపంలోని కొయ్యగుర్రం వీపు కొలత తీసుకొన్నానని చెప్పాడు. అతని తప్పు కూడా ఏమీ లేదు. జీవమున్న గుర్రం వీపు కదులుతుందని, నడిచేటప్పుడు జబ్బ ఎముక వెనక్కు జరుగుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాడిని నేను.

ఇక్కడ గుర్రం శరీరం గురించి కొంత తెలుసుకోవాలి. మనిషికి ఉన్న జత్రువు, అంటే మెడకింది కాలర్ ఎముక, గుర్రానికి లేదు. దాని ముందుకాళ్ళు ఛాతీ ఎముకలకు కీలుతో అతికి ఉండవు. రెండు జబ్బల నడుమ ఛాతీ మొత్తం కండరాల ఉయ్యాలలో వేలాడుతూ ఉంటుంది. నిలబడిన గుర్రం బరువులో సుమారు 60 శాతం ఆ ముందుకాళ్ళ మీదనే పడుతుంది. కనుక మూపు దగ్గర, జబ్బల వెనుక కండ పట్టివేస్తే నడక అంతా మారుతుంది. ఆ బాధ తప్పించుకోవడానికి గుర్రం వీపు కుంగదీస్తుంది, మెడ బిగిస్తుంది, తుంటిమీద భారం వేస్తుంది. నొప్పి ఒకచోట, బిగింపు వేరొకచోట కనబడటం అందుకే.

ఇంకొక సంగతి. గుర్రం అడవిలో వేటకు గురయ్యే జంతువు. మందలో కుంటేది, మూలిగేది ముందుగా పులి కంట పడుతుంది. అందువలన నొప్పిని దాచుకోవడం దాని స్వభావంలోనే ఉన్నది. కుక్కలాగ అరవదు. చెవులు, కనురెప్పలు, ముక్కుపుటాలు, దవడ బిగింపు, ఇవే దాని భాష. అదే సమయంలో దాని చర్మం ఎంత సున్నితమంటే, ఒక్క ఈగ వాలితే ఆ చోటు మాత్రమే అదిలించగలదు. ఈగ బరువు తెలిసిన చర్మానికి మన చేతి తొందర తెలియదా?

గుర్రాలు కూడా ఒకదానికొకటి ఈ సేవ చేసుకొంటాయి. రెండు గుర్రాలు ఎదురెదురుగా నిలిచి ఒకదాని మూపు మరొకటి పళ్ళతో గోకడం మీరు చూసే ఉంటారు. ఫ్రాన్సు దక్షిణాన కమార్గ్ ప్రాంతపు గుర్రాల మీద ఇద్దరు శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలన 1993లో వెలువడింది. గుర్రాలు తమలో తాము ఎక్కువగా గోక్కొనే చోట, అంటే మూపుకు ముందు మెడ మొదట్లో, మనిషి చేతితో రుద్దినప్పుడు గుండె కొట్టుకొనే వేగం తగ్గింది. వేరొక చోట రుద్దితే ఆ ఫలితం రాలేదు. 2004లో వచ్చిన మరొక ప్రాథమిక పరిశీలన మూపు, మెడ మధ్యభాగం, తుంటి పైభాగం మర్దనకు బాగా స్పందిస్తాయని తెలిపింది. అమెరికాలో జాక్ మీగర్ అనే ఆయన క్రీడాకారులకు చేసే మర్దనను గుర్రాలకు అన్వయించి, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నాటికి ఆ దేశపు అశ్వబృందంతో పనిచేశాడు. లిండా టెలింగ్టన్-జోన్స్ అనే ఆమె వేళ్ళ కొసలతో చర్మాన్ని ఒక చుట్టు, పైన పావు చుట్టు తిప్పే పద్ధతిని ప్రచారం చేసింది. ఈ పద్ధతులలో ఏది గొప్పదనే వాదం నాకు అక్కరలేదు. అన్నింటిలోనూ మా జట్కా పెద్దాయన చెప్పిన మాటే ఉన్నది: అడగాలి, ఆగాలి.

మేము మొదట చేసినది జీను తీసివేయడం. ఆరు వారాలు ధవళ వీపుమీద ఏమీ పెట్టలేదు. బిగుసుకొన్న చోట వాపు, వేడి తగ్గేవరకు మొదటి వారం దానిని ముట్టనే లేదు. మెడ, తుంటి మాత్రమే నిమిరాం. తరువాత రోజుకు ఇరవై నిమిషాల వంతున మర్దన, దానికి ముందు పది నిమిషాలు నడక. పద్ధతి ఆసక్తి ఉన్నవారికి చెబుతాను. గుర్రాలు ఉన్న రైతులు, పెళ్ళి ఊరేగింపు గుర్రాలవారు కూడా ఈ పత్రిక చదువుతారని నాకు తెలుసు.

గుర్రం మేత తిన్న వెంటనే గాని, పరుగునుండి వచ్చి రొప్పుతూ ఉండగా గాని మొదలు పెట్టకూడదు. మోకు పట్టుకొన్న మనిషి మీరు నిలిచిన వైపే నిలవాలి. గోడకు గట్టిగా కట్టివేసిన గుర్రం తప్పుకోలేదు, తప్పుకోలేని జంతువు ఒప్పుకొన్నట్లు కాదు. ఉంగరాలు, గడియారం తీసివేయాలి. ముందు గొరపంతో దుమ్ము దువ్వి, ఆపైన అరచేతితో చెవుల వెనుకనుండి మెడ, మూపు, వీపు, తుంటి వరకు వెంట్రుకల వాలు వెంట రెండు మూడుసార్లు నిమరాలి. ఇది మర్దన కాదు, వార్త అడగడం. ఎక్కడ వేడి, ఎక్కడ చలువ, ఎక్కడ గట్టి, ఎక్కడ అదురు అని చేయి గుర్తు పెట్టుకొంటుంది. తరువాత మెడమీద వేళ్ళను మడిచి చర్మంతో సహా చిన్న చిన్న చుట్లు తిప్పాలి, వెంట్రుకల మీద జారకూడదు. తుంటి, తొడల వంటి పెద్ద కండలమీద అరచేతి మడమతో నెమ్మదిగా అదిమి, మూడు నాలుగు శ్వాసల సేపు ఉంచి, అంతకంటె నెమ్మదిగా వదలాలి. బలం భుజాలనుండి కాదు, మన ఒంటి బరువును కాస్త వాల్చడం వలన రావాలి. వెన్నెముక మీద నేరుగా ఎన్నడూ నొక్కరాదు. దానికి ఇరువైపులా నాలుగు వేళ్ళ దూరంలో పోయే పొడవాటి కండమీదనే చేయాలి. గొంతు, పొట్ట, చివరి పక్కటెముక వెనుక నడుము, ఈ చోట్ల నిమరడమే గాని అదమడం లేదు. మోకాలి కింద కండ లేదు, స్నాయువులే ఉంటాయి. అక్కడ బలప్రయోగం పనికిరాదు.

నూనె వేయాలా అని చాలామంది అడుగుతారు. నేను వేయించను. మన ఎండలకు, దుమ్ముకు నూనె మేను ఇసుకకాగితంలా తయారవుతుంది. దానిపైన జీను వేస్తే ఒరుపు పుండు తప్పదు.

గుర్రానికి హాయి కలిగినప్పుడు తల కిందికి దించుతుంది, కింది పెదవి వేలాడుతుంది, రెప్పలు బరువెక్కుతాయి, నాలుకతో చప్పరిస్తుంది, నమలినట్లు దవడ ఆడిస్తుంది, దీర్ఘంగా నిట్టూరుస్తుంది. ఆవలింత వచ్చిందంటే ఆ చోట చేయి తీసి కొంతసేపు ఊరక నిలబడాలి. ఈ ఊరక నిలబడటమే మా కుర్రవానికి నేర్పడానికి అన్నింటికంటె ఎక్కువ కాలం పట్టింది. ధవళ ఎనిమిది రోజులు రాయిలా నిలిచింది. తొమ్మిదవ రోజు తుంటిమీద చేయి ఉండగా వరుసగా నాలుగుసార్లు ఆవలించింది. కుర్రవాడు దానికి నిద్ర వస్తున్నదనుకొన్నాడు. మరునాడు ఆ గట్టిపడిన చోట చేయి పెట్టనిచ్చింది. నాలుగవ వారానికి అక్కడ కండ వేలికి లొంగడం మొదలైంది. ఆ దశలో క్యారెట్ ముక్కను దాని పక్కటెముకల వైపు చూపి, మెడను తనంతట తాను తిప్పి అందుకొనేలా చేయించాం. లాగి వంచడం కాదు, ఆశ చూపి వంగనివ్వడం.

మర్దన చేయకూడని సందర్భాలను కూడా చెప్పాలి. గుర్రం మామూలు శరీర ఉష్ణం 37.5 నుండి 38.5 డిగ్రీల సెల్సియస్. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి 28 నుండి 44 సార్లు కొట్టుకొంటుంది. జ్వరం ఉన్నా, కొత్త దెబ్బ వాచి వేడిగా ఉన్నా, తామర, పుండ్లు ఉన్నా ముట్టరాదు. పొట్ట వైపు తిరిగి చూసుకొంటూ, నేలను గీరుతూ, పొర్లాడుతూ ఉంటే అది వాయుశూల. గుర్రం వాంతి చేసుకోలేదు, కనుక ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. పరుగు తరువాత తుంటి కండలు కర్రలా బిగిసి, మూత్రం కాఫీ రంగులో వస్తే కండరాలు విచ్ఛిన్నమవుతున్నాయని అర్థం. అటువంటి గుర్రాన్ని మర్దించడమే కాదు, నడిపించడం కూడా ప్రమాదం. చర్మం మీద గడ్డలు వరుసగా లేచి పగులుతూ, ముక్కునుండి చీము కారితే గ్లాండర్స్ కావచ్చు. అది మనుషులకు కూడా అంటుకొనే వ్యాధి. వీటన్నింటిలో చేయవలసినది ఒక్కటే, వైద్యుని పిలవడం. కుంటుతున్న గుర్రానికి కారణం తెలియకుండా మాలీషు చేసి కొంత ఉపశమనం కలిగించి మళ్ళీ బండికి కట్టడం కంటె అసలు ముట్టకపోవడమే నయం.

మర్దన వలన ఎముకలు సర్దుకొంటాయని, విషాలు బయటికి పోతాయని కొందరు చెబుతారు. నేను అది చెప్పను. నొప్పి జాడ పట్టడం, కండ బిగింపు సడలించడం, గుర్రం మనసు నెమ్మదింపజేయడం, ఇంతవరకు నేను కళ్ళారా చూసినది. జీను మార్చకుండా రోజూ గంటసేపు మర్దించి ఉంటే ధవళకు ఏమీ ఒరిగేది కాదు.

దాత విషయం మిగిలి ఉన్నది. ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేముందు ఆయన ఇంటికి వెళ్ళాను. జీను మరమ్మతులో లేదని, అబద్ధమాడానని, జరిగినది అంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మా నాన్నగారి పేరు మీద చేయించినది కదండీ" అని మాత్రం అన్నారు. మరునాడు ఉదయం లాయానికి వచ్చి ఆ చోటు ఎక్కడో చూపమన్నారు. అప్పటికి అక్కడ కండ మెత్తబడింది గాని, కొంచెం పల్లం ఇంకా ఉన్నది. చేయి పెట్టి చూసి, తీసి, మళ్ళీ పెట్టారు. జీను ఏ గుర్రం కొలతకు చేశారో ఆ కొయ్యగుర్రానికే ఉంచమని చెప్పి వెళ్ళారు. ఈ ఏటినుండి అది అశ్వవాహనం మీద, స్వామివారి పాదాల దగ్గర, భక్తులకు దర్శనమిస్తుంది. అయినా ఆయన నొచ్చుకొన్నారు, అది దాగలేదు. మొదటినాడే నిజం చెప్పి ఉంటే అంత నొప్పి ఉండేది కాదేమో. ధవళ ఇకపై మెత్తని నూలుపరుపు మీద పట్టుబట్టతోనే నడుస్తుంది.

యాత్రలకు వెళ్ళే భక్తులకు ఒక విన్నపం. గౌరీకుండం నుండి కేదారనాథానికి సుమారు 16 కిలోమీటర్ల కొండదారి. సముద్రమట్టానికి 3,500 మీటర్లకు పైన ఉన్న ఆ క్షేత్రానికి మనవారు ఎందరో గుర్రాల మీద, కంచర గాడిదల మీద వెళుతున్నారు. వైష్ణోదేవికి కూడా అంతే. నేనూ ఒకప్పుడు వెళ్ళాను. పశువైద్యునినై ఉండి, నన్ను మోసిన జంతువు వీపు చూడాలని నాకు తోచలేదు. మీరు చూడండి. ఎక్కేముందు జీను ఎత్తి చూపమని యజమానిని మర్యాదగా అడగండి. పుండు ఉంటే, కుంటుతూ ఉంటే ఆ జంతువును వద్దనండి. పుండు పడిన, కుంటే జంతువును పనికి పెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. జీను వెనుక అరచేయి పెట్టినప్పుడు వీపు కుంగిపోతే అక్కడ నొప్పి ఉన్నట్లే. జంతువు బరువులో ఐదవ వంతుకు మించి, జీనుతో కలిపి, మోయించరాదని సాధారణంగా చెప్పే లెక్క. 300 కిలోల కొండగుర్రానికి అది 60 కిలోలు. బరువైనవారు డోలీ చూసుకోవడం లేదా మెల్లగా నడవడం మంచిది. నిటారుగా దిగే చోట్ల దిగి నడవండి, దిగుడులో భారమంతా ముందుకాళ్ళ మీద పడుతుంది. నీళ్ళ దగ్గర ఆగినప్పుడు తొందర పెట్టకండి. తెలియని జంతువుకు మర్దన చేయబూనకండి. మెడ మొదట్లో, జూలు కింద, వేళ్ళతో నెమ్మదిగా గోకండి, చాలు. ముఖం మీద తట్టకండి, వెనుకనుండి సమీపించకండి. నుదుటికి ఎదురుగా, తోకకు వెనుకగా ఉన్నవి దానికి కనబడవు.

మన లాయం ప్రతి ఆదివారం ఉదయం 7 గంటల నుండి 8 గంటల వరకు భక్తుల కోసం తెరచి ఉంటుంది. మర్దన చూడవచ్చు. చేయి పెట్టదలచినవారు కుర్రవాని అనుమతితో, అతడు చూపిన చోటనే పెట్టగలరు. పిల్లలను ఎత్తుకొని దగ్గరకు రావద్దు. చక్రపొంగలి, లడ్డు ప్రసాదం, పెద్దమొత్తంలో అరటిపళ్ళు గుర్రాలకు పెట్టవద్దని మరీమరీ మనవి. వాయుశూలకు అవి చాలు. పచ్చగడ్డి మోపు తెచ్చినవారు లాయంలో అప్పగించగలరు. కోసి కుప్పవేసి వేడెక్కిన గడ్డిని మాత్రం తీసుకోము.